మూడు అంకెల షీట్: రెండు సైట్లు, ఒకటే సెంట్రింగ్

మా బావమరిది తయారుచేసి ఇచ్చిన ఎక్సెల్ షీట్ ఇది. తిరుపతి చుట్టుపక్కల ఇళ్లు కట్టిస్తూ రెండేళ్లుగా వాడుతున్నా. పని పేరు, మొదలు, ముగింపు అన్నింట్లోనూ ఉండేవే. నాకు నచ్చింది ఒక్కటే: ప్రతి పనికీ మూడు అంకెలు అడుగుతుంది. అంతా కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని. నడిమి అంకెను నాలుగింతలు చేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తుంది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం తెచ్చిన పెర్ట్ లెక్కే. స్లాబ్ సెంట్రింగ్‌కి (కాంక్రీట్ గట్టిపడేదాకా కింద మోసే జాకీలు, ప్లేట్లు బిగించే పని) 4, 6, 20 వేస్తే 8 వస్తుంది. 'ఆరు రోజుల్లో అయిపోతాది సార్' అన్న మేస్త్రీ మాట నమ్మి ఓనర్లతో తిట్లు తిన్నవాడికి ఆ ఎనిమిది ఎంత హాయో!

పోయిన నవంబర్‌లో మాత్రం ముంచింది. తిరుచానూరులో ఒక ఇల్లు, రేణిగుంట రోడ్డులో ఇంకొకటి. నా జాకీలు, ప్లేట్లు ఒక స్లాబ్‌కే సరిపోతాయి. తిరుచానూరులో కడ్డీ కట్టడం అయిన రాత్రే వాన పట్టుకుంది. ప్లేట్ల మీద నీళ్లు నిలిచి తుప్పు రంగుకి తిరిగాయి. తెరిపి ఇచ్చేసరికి తిరుచానూరు అమ్మవారి పంచమి తీర్థం ఉత్సవం, ఆ జనంలో కాంక్రీట్ లారీ ఎలా వస్తుంది? (పంచాంగంలో ఉన్న తేదీనే, మరిచింది నేనే.) స్లాబ్ పదకొండు రోజులు ఆలస్యంగా పడింది. హాలు వెడల్పు 5 మీటర్లు, 14 రోజులు కాకుండా జాకీలు విప్పకూడదు.

అవతల రేణిగుంటలో గోడలు లేచి మనుషులు ఊరికే కూర్చున్నారు. షీట్ తెరిస్తే ఆ ఇల్లు నిక్షేపంగా ఆకుపచ్చ రంగులో, అంటే ఆలస్యమే లేనట్టు ఉంది! ఏ ఇంటి ట్యాబ్ దానిదే, జాకీలు రెండింటికీ ఒకటేనని దానికేం తెలుసు? మూడో రోజు మేస్త్రీ 'చెన్నైలో పని ఉండాది సార్' అని మనుషుల్ని తీసుకుపోయాడు. మళ్లీ వచ్చేసరికి సంక్రాంతి దాటింది. మాఘంలో పెట్టుకున్న గృహప్రవేశం తప్పిపోయింది.

మొదట్లో కనబడిన ప్రతి బిల్డర్‌కీ దీన్ని పంపాను. ఇప్పుడు అడిగితేనే పంపుతున్నా. ఒక పని ఆలస్యమైనా ఇంకోటి ముందే అయి సర్దుకుంటుందన్న ధీమా ఆ లెక్కలో ఉంది. మనకేమో వాన పడితే రెండు సైట్లూ ఒకేరోజు ఆగుతాయి.

ఒక్క ఇల్లే కట్టించేవాళ్లకీ, సామాను దండిగా ఉన్నవాళ్లకీ ఇది చాలేమో. నేను మానలేదు. రెండు ట్యాబ్‌లూ కలిపేసి, ఇళ్ల పేర్లకన్నా పైన జాకీలకని ఒక వరుస పెట్టుకున్నా. అది ఖాళీ అయ్యే తేదీ చూసుకున్నాకే రెండో సైటుకి మేస్త్రీని పిలుస్తున్నా.