నాన్న పీఎస్‌ఎంఏ స్కాన్: డాక్టరుకి ఐదు, బాత్రూమ్‌కి సున్నా

నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్. హార్మోన్ ఇంజెక్షన్లు వేయిస్తున్నా పీఎస్‌ఏ (ఈ క్యాన్సర్ తీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే ప్రోటీన్) పెరుగుతూనే ఉంది. లుటీషియం చికిత్స (క్యాన్సర్ కణాలకి అతుక్కుని రేడియేషన్ ఇచ్చే మందు) పనిచేసే అవకాశం ఉందో లేదో తేలాలంటే ముందు పీఎస్‌ఎంఏ పెట్ సీటీ తీయించాలన్నారు, అంటే ఆ కణాల మీదుండే పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్ ఎక్కడుందో వెలుగుగా చూపించే స్కాన్. హైదరాబాద్‌లో ఒక సెంటర్‌కి తీసుకెళ్లాను.

ఎనిమిదింటికి రమ్మన్నారు, ఇంజెక్షన్ ఇచ్చింది పదకొండున్నరకి. అందులో ఉండే గాలియం అనే రేడియోధార్మిక పదార్థం దాదాపు 68 నిమిషాలకే సగమైపోతుంది కాబట్టి ముందే చేసి పెట్టుకోలేరు, ఒప్పుకుంటాను. కానీ ఈ స్కాన్‌కి పరగడుపు అక్కర్లేదని ఫోన్‌లోనే చెబితే నాన్న రెండు ఇడ్లీలు తినే వచ్చేవాడు కదా! ఆ తర్వాత గంటసేపు నీళ్లు తాగుతూ కూర్చోవాలి, స్కాన్‌కి ముందు మూత్రానికి వెళ్లాలి. ఐదుగురు పెద్దవాళ్లకి బాత్రూమ్ ఒక్కటే. అదీ గడియ సరిగా పడనిది.

డాక్టరమ్మ మాత్రం బంగారం. తెర మీద బొమ్మ చూపిస్తుంటే దవడల దగ్గర వెలుగు చూసి నాన్న హడలిపోయాడు. "అవి లాలాజల గ్రంథులు బాబాయిగారూ, అందరికీ వెలుగుతాయి" అని నవ్వేసింది. వెన్నెముకలో మూడు మచ్చలు చూపించి, కాలేయం కంటే ఇవి బాగా వెలుగుతున్నాయి, అంటే లుటీషియం మందు అక్కడికి చేరుతుంది, చేరినంత మాత్రాన తగ్గుతుందని హామీ లేదు అంది. సీటీలో కనబడి పెట్‌లో వెలగని గడ్డలేమైనా ఉన్నాయేమోనని కూడా వెతికింది. ఉంటే మందు వాటి జోలికి పోదట. నాన్నకి లేవు.

రిపోర్ట్ మర్నాడే ఇచ్చారు. బొమ్మలు సీడీలో ఇచ్చారు. సీడీ డ్రైవ్ కోసం ఇంకా వెతుకుతున్నాను.