బ్యాంబూ షార్క్ గుడ్డు: సరుకు మంచిదే, ట్యాంక్ ఉంటేనే

ఉప్పునీటి అక్వేరియంల వాళ్లకు అమ్మే బ్యాంబూ షార్క్ గుడ్డు అరచేయంత తోలుసంచిలా ఉంటుంది. సరుకుగా దీనికి పెద్దగా వంక పెట్టలేం. పొదిగించడం తేలికే, పేచీ అంతా పిల్ల బయటికొచ్చాకే.

కొనేటప్పుడు వెనకనుంచి టార్చ్ వేసి చూడాలి. గుండ్రటి పచ్చసొన, దాన్ని అంటుకుని మెలికలు తిరిగే పిండం కనబడాలి. సొన చెదిరిపోయి లోపలంతా మసకగా ఉంటే వదిలేయండి. మరీ కొత్త గుడ్డులో పిండం కంటికి ఆనదు, అందుకే కదలిక ఉన్నదే అడిగి తీసుకోవడం నయం. మార్చేటప్పుడు నీళ్లలోంచి పైకి తీయకూడదు, లోపలికి గాలి చేరుతుంది.

నీరు మెల్లగా పారే చిల్లుల పెట్టెలో, 25 డిగ్రీల దగ్గర ఉంచితే నాలుగైదు నెలల్లో పిల్ల తనే చీల్చుకుని వస్తుంది. ఆత్రపడి కత్తిరిస్తే సొన ఇంకని పిల్ల చేతికొస్తుంది, అది దక్కడం కష్టం. పుట్టిన పిల్ల సుమారు 15 సెంటీమీటర్లు. మొదట్లో కొన్నాళ్లు తిండి ముట్టదు, కంగారు అక్కర్లేదు. తర్వాత లైటు ఆర్పాక రొయ్య ముక్కో స్క్విడ్ ముక్కో పటకారుతో ముక్కు దగ్గర పెట్టాలి.

అమ్మేవాళ్లు "చిన్న జాతి" అంటారు. సొరచేపల్లో చిన్నదే, కాదనం. కానీ గోధుమరంగు పట్టీల రకం మీటరు దాకా పెరుగుతుంది. అడుగున తిరిగే జీవి కాబట్టి లోతు కన్నా వైశాల్యం ముఖ్యం: 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, అంటే సుమారు 1,350 లీటర్లు. అంతకు తక్కువలో పెట్టడం అన్యాయం. అడుగున మెత్తటి ఇసుకే పోయాలి, పగడపు నలుసులైతే పొట్ట గీసుకుపోయి పుండు పడుతుంది. రాళ్లు ఇసుక మీద కాదు, నేరుగా గాజు మీద నిలబెట్టాలి. లేకపోతే తవ్వుకుంటూ మీద పడేసుకుంటుంది. హీటర్‌కు జాలీ, పైన బరువైన మూత తప్పనిసరి. రాగి కలిసిన మందు ఏదీ వాడొద్దు. నీళ్లలో నైట్రేట్ (వ్యర్థాల నుంచి చేరే రసాయనం) పెరిగితే అయోడిన్ ఒంటబట్టక గొంతు కింద వాపొస్తుంది.

మనుషుల జోలికి రాదు గానీ పీతలూ చిన్న చేపలూ మిగలవు.

అంత చోటు లేనివాళ్లు కోరల్ క్యాట్ షార్క్ గుడ్డు ఉందేమో అడగండి. అది 70 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది.