కేసు వేసిన కంపెనీయా, కేసు మీద పడ్డ కంపెనీయా: ఏది మేలు?

అమెరికా షేర్లు కొనే మా తమ్ముడు మొన్న రెండు చిన్న టెక్ కంపెనీలు చూపించాడు. "అన్నయ్యా, దీని మీద ఓ పెద్ద కంపెనీ కేసు వేసింది. ఇదేమో తనే పెద్ద కంపెనీ మీద పేటెంట్ కేసు వేసింది. రెండోదే నయం కదా, గెలిస్తే డబ్బే డబ్బు" అన్నాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు. నేను మొదటిదాని వైపే మొగ్గుతాను.

ఫ్లోరిడాలోని పార్కర్‌విజన్ సంగతి చూడండి. అమ్మకాలు దాదాపు లేవు, ఆశంతా వైర్‌లెస్ పేటెంట్ల మీదే. తన పేటెంట్లను అనుమతి లేకుండా వాడుకుందంటూ ఫోన్ చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ మీద వేసిన కేసులో 2013 అక్టోబరులో జ్యూరీ సుమారు 17.3 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వమంది. తీర్పు వచ్చింది కాబట్టి డబ్బు వచ్చినట్టే అనుకున్నవాళ్లు షేర్లు పట్టుకుని కూర్చున్నారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2014 జూన్‌లో, అదే కోర్టు జడ్జి ఆ తీర్పును కొట్టేశారు. కంపెనీ తరఫు నిపుణుడే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్న మాటలు కేసుకు అడ్డం తిరిగాయి. షేరు ధర ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. 2015లో అప్పీలు కోర్టు కూడా క్వాల్‌కామ్ వైపే నిలిచింది. పైగా పేటెంట్లలో కంపెనీ తనవని చెప్పుకున్న హక్కుల్లో (క్లెయిములు) కొన్ని అసలు చెల్లవంది. నిపుణుడు బోనులో ఏం చెబుతాడో షేరు కొనేవాడు ముందే ఎలా లెక్కగడతాడు?

గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. పేటెంట్ల మీదే ఆధారపడ్డ మరో చిన్న కంపెనీ వర్నెట్‌ఎక్స్‌కు యాపిల్ 45.4 కోట్ల డాలర్లు కట్టింది. కానీ 2010లో వేసిన కేసుకు డబ్బు చేతికొచ్చింది 2020లో! అదే ఏడాది యాపిల్ మీదే మరో కేసులో వచ్చిన 50.28 కోట్ల డాలర్ల తీర్పు 2023లో అప్పీలులో పోయింది. పదేళ్లు లాయర్లకు ఫీజులు కట్టే ఓపిక చిన్న కంపెనీకి ఉండాలి, వాటాదారుడికీ ఉండాలి.

ఇక కేసు మీద పడ్డ కంపెనీ. ఇంటర్నెట్ ఫోన్ సర్వీసు వోనేజ్ 2006లో షేరు 17 డాలర్లకు ఐపీఓకు (జనానికి తొలిసారి షేర్లు అమ్మడానికి) వచ్చింది. పెద్ద టెలికాం కంపెనీ వెరిజాన్ దాని మీద వేసిన పేటెంట్ కేసులో 2007 మార్చిలో జ్యూరీ 5.8 కోట్ల డాలర్లు కట్టమంది. అసలు భయం ఆ అంకె కాదు. కొత్త కస్టమర్లను చేర్చుకోవద్దని ఏప్రిల్‌లో జడ్జి ఆదేశించారు, అప్పీలు కోర్టు అదే రోజు దానికి స్టే ఇచ్చింది. ఆ స్టే రాకపోయుంటే ఊపిరి ఆగినట్టే. తర్వాత మరో టెలికాం కంపెనీ స్ప్రింట్ వేసిన కేసులోనూ ఓడింది. చివరికి రెండిటితోనూ రాజీ కుదిరింది, వెరిజాన్‌కు 12 కోట్ల డాలర్ల దాకా, స్ప్రింట్‌కు 8 కోట్లు. 2008లో షేరు డాలరు కిందికి దిగింది, అందుకు అప్పుల భారం కూడా కారణమే. మధ్యలో కొన్నవాళ్లకు నిద్ర పట్టి ఉండదు. అయినా 20 లక్షలకు పైగా కస్టమర్లు నెలనెలా బిల్లు కడుతూనే ఉన్నారు. 2022లో టెలికాం పరికరాల కంపెనీ ఎరిక్సన్ షేరుకు 21 డాలర్లిచ్చి కంపెనీని కొనేసింది.

తేడా ఇక్కడే ఉంది. వోనేజ్‌కు కేసు ఒక ఖర్చు, పార్కర్‌విజన్‌కు కేసే ఆదాయం. ఖర్చుకు రాజీ కుదిరిన రోజు ఒక హద్దు తెలుస్తుంది. అందుకే కేసు పడ్డ కంపెనీనైనా కేసు మొదలవగానే కొనను. ఎంత కట్టాలో తేలాక, కట్టాక కూడా నడవగలదనిపిస్తేనే కొంటాను. కస్టమర్లు లేకుండా కేసు మీదే బతికే కంపెనీకైతే, పూర్తిగా పోయినా ఇల్లు కదలదనుకునేంత సొమ్మే పెడతాను.

మా తమ్ముడికి చెప్పింది ఒకటే: వార్షిక నివేదికలో ముందు 'లీగల్ ప్రొసీడింగ్స్' (కోర్టు కేసుల) భాగం తెరువు. చేతిలో నగదు ఎంతో, మూడు నెలలకు ఎంత కరిగిపోతోందో పక్కపక్కన రాసుకో. కోర్టు అమ్మకాలు ఆపమని అనగలదా అని వెతుకు. మన దగ్గర ఐపీఓలకైతే ప్రాస్పెక్టస్‌లో (షేర్లు అమ్మే ముందు కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో) పెండింగ్ కేసుల అధ్యాయం ఉంటుంది. ఆ రాత్రే వాడు ఫోన్ చేశాడు: "అన్నయ్యా, రెండో కంపెనీ దగ్గర ఉన్న నగదు ఐదు నెలలకు కూడా చాలదు. కేసు విచారణ వచ్చే ఏడాదట."