బోలు పెట్టె లోపల రిబ్‌లు: ఫ్రీక్యాడ్ 1.0 వాడి చూశాక

ప్లాస్టిక్ భాగాల డిజైన్‌లో పదే పదే ఎదురయ్యే పని ఒకటుంది: లోపల బోలుగా ఉన్న పెట్టెకు గోడ మందం పెంచకుండానే బలం చేకూర్చడం. గోడను మందం చేస్తే ప్లాస్టిక్ ఎక్కువ పడుతుంది, అచ్చులో చల్లబడడానికి ఎక్కువ సేపు పడుతుంది. అందుకే లోపలివైపు సన్నని రిబ్‌లు, అంటే ఊతమిచ్చే పలకల్లాంటి గట్లు, వేస్తాం. 2024 నవంబరులో విడుదలైన ఉచిత 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్ 1.0 ఈ పనికి ఎంతవరకు సరిపోతుందో చూడడానికి, పొలం మోటారు స్టార్టరు పెట్టె అడుగుభాగాన్ని అందులో మొదటి నుంచి గీశాను. దాని పొడవు 160 మి.మీ., వెడల్పు 110, లోతు 60. గోడ మందం 2.5, పదార్థం ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్.

ఫ్రీక్యాడ్ 1.0లో భాగాలు గీసే పార్ట్ డిజైన్ విభాగంలో రిబ్ కోసం ప్రత్యేకమైన టూల్ లేదు. లైసెన్సు కొని వాడే సాలిడ్‌వర్క్స్‌లో ఒక్క గీత గీస్తే చాలు, దాని కొసలను సాఫ్ట్‌వేరే గోడల దాకా సాగదీస్తుంది. మందం, డ్రాఫ్ట్ (పక్కలకు ఇచ్చే కొద్దిపాటి వాలు) రెండూ అక్కడే ఇవ్వవచ్చు. ఇక్కడ ప్రతి రిబ్‌నూ స్కెచ్‌లో (చదునైన గీతల బొమ్మలో) మూసిన ఆకారంగా గీసి, ప్యాడ్ అనే టూల్‌తో పైకి లేపాలి. రోజూ ఇలాంటి పెట్టెలు గీసేవారికి ఇది నిజమైన లోటే. పని నేర్చుకుంటున్నవారికి, లైసెన్సుకు డబ్బు పెట్టలేని చిన్న వర్క్‌షాపులకు మాత్రం అడ్డంకి కాదని నా అభిప్రాయం.

బోలు చేయడం తేలికగానే అయింది. బయటి మూలలకు గోడ మందంకన్నా ఎక్కువగా, 4 మి.మీ. గుండ్రదనం ఇచ్చి, పై ముఖాన్ని ఎంచుకుని, థిక్‌నెస్ టూల్‌లో మందం లోపలివైపు రావాలని చెబితే సరిపోయింది. ఆ తరువాత రిబ్‌ల స్కెచ్‌ను పెట్టె అడుగు ముఖానికి అంటించకుండా, మోడల్ ఆధార తలం (బేస్ ప్లేన్) నుంచి 2.5 మి.మీ. ఎత్తున ఉంచాను. ముందు దశల్లో ఏదైనా మార్చితే ముఖాల పేర్లు మారిపోయి స్కెచ్‌లు చెదిరిపోయే పాత సమస్యను 1.0లో చాలావరకు తగ్గించినా, తలాన్నే ఆధారంగా పెట్టుకోవడం ఇప్పటికీ మంచి అలవాటు.

కొత్తవారు పొరపాటు పడే చోటు డ్రాఫ్ట్. రిబ్ మందం గోడలో 50 నుంచి 60 శాతం మధ్య, ఎత్తు గోడ మందానికి మూడింతలు మించకుండా ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం నా రిబ్ మొదలు (పెట్టెకు అంటుకునే చోట మందం) 1.5 మి.మీ., ఎత్తు 7.5. భాగం అచ్చులోంచి ఊడి రావడానికి ఒక్కో పక్కకు 1 డిగ్రీ డ్రాఫ్ట్ ఇస్తే కొన దగ్గర 1.24 మి.మీ. మిగులుతుంది. అదే 1.5ను కొన దగ్గర పెట్టి కిందికి గీస్తే, మొదలు 1.76 అవుతుంది, అంటే గోడలో 70 శాతం. అక్కడ పోగైన ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లబడి లోపలికి కుంచించుకుపోవడంతో బయటి ముఖం మీద సింక్ మార్క్ అనే చిన్న గుంట పడుతుంది. కొన్నేళ్ల కిందట ఒక మూతకు నేను సరిగ్గా ఈ తప్పే చేశాను; మెరిసే నల్లటి ముఖం మీద రిబ్‌ల గీతలన్నీ నీడల్లా కనిపించాయి. సాలిడ్‌వర్క్స్‌లో మందాన్ని ఏ చోట కొలవాలో ఎంచుకునే వీలుంది. ఫ్రీక్యాడ్‌లో ఆ ప్రశ్న అడిగేవారు లేరు కనుక స్కెచ్‌ను అడుగునే గీసి, పైకి సన్నబడేలా టేపర్ కోణం ఇవ్వాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. టేపర్ రిబ్ పక్కలతోపాటు దాని కొసలను కూడా లోపలికి లాగుతుంది. దీర్ఘచతురస్రాన్ని సరిగ్గా గోడ దగ్గర ఆపితే, పైకి వెళ్లేసరికి గోడకూ రిబ్‌కూ మధ్య 0.13 మి.మీ. సందు ఏర్పడుతుంది. తెర మీద కంటికి ఆనదు గానీ, అచ్చు చేసేవారికి అది పెద్ద తలనొప్పి. కొసలను గోడలోకి 1 మి.మీ. దూర్చి గీయడంతో ఆ సందు పోయింది. నిలువు రిబ్‌లు మూడు, అడ్డం రిబ్‌లు నాలుగు ఒకే స్కెచ్‌లో ఒకదాన్నొకటి దాటేలా గీయకుండా, విడివిడి స్కెచ్‌లుగా పెట్టి ఒకే రూపాన్ని వరుసగా కాపీ చేసే లీనియర్ ప్యాటర్న్‌తో పరిచాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది స్ప్రెడ్‌షీట్. గోడ మందాన్ని ఒక గడిలో రాసి, రిబ్ మందాన్ని దానికి 0.6 రెట్లుగా, ఎత్తును 3 రెట్లుగా స్కెచ్, ప్యాడ్ కొలతలకు కలిపాను. గోడను 3 మి.మీ. చేయగానే రిబ్‌లన్నీ 1.8 మందం, 9 ఎత్తుకు వాటంతట అవే మారాయి. రిబ్ టూల్ లేని లోటును ఈ సౌకర్యం చాలావరకు పూడ్చింది.

రిబ్ అడుగున ఇచ్చే 0.6 మి.మీ. ఫిల్లెట్‌ను (మూల గుండ్రదనాన్ని) అన్నిటికన్నా చివర వేయాలి, అదీ అంచులను కొన్ని కొన్నిగా ఎంచుకుంటూ. రిబ్‌లు కలిసే కూడళ్లలో మందం ఎలాగూ ఎక్కువ కనుక అక్కడ అంతకన్నా పెద్ద ఫిల్లెట్ ఇవ్వకూడదు. ఆఖరున క్లిప్పింగ్ ప్లేన్‌తో పెట్టెను అడ్డంగా కోసి చూసి, ప్రతి రిబ్ మొదలూ గోడలో కలిసిపోయిందని నిర్ధారించుకున్నాకే స్టెప్ ఫైలు (ఇతర డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలోనూ తెరుచుకునే ఫైలు) తీసి అచ్చు చేసేవారికి పంపాను.