బి12, ఒమేగా-3, బీట్‌రూట్: కొన్నేళ్లు వాడాక నా అనుభవం

అరికాళ్లలో తిమ్మిర్లు, రాత్రిళ్లు మంటలు అని చెప్పగానే చుట్టుపక్కల అందరూ అనే మాట "రక్త ప్రసరణ సరిగా లేదు". నాకూ అదే చెప్పి రకరకాల మాత్రలు, పొడులు సిఫారసు చేశారు. నాకు షుగర్ ఉంది. చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. మా ఇంట్లో గుడ్డు కూడా తినం.

వాడినవాటిలో నాకు నిజంగా మేలు చేసింది బి12. డాక్టరు గారు ముందు రక్త పరీక్ష చేయించారు. ఉండాల్సినదాని కన్నా బాగా తక్కువ ఉందని తేలింది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి పేగులు బి12ను సరిగా పీల్చుకోవట. శాకాహారులకు అది దొరికేదే పాలు, పెరుగు లాంటివాటిలో. అది బాగా తగ్గితే నరాలు దెబ్బతింటాయి. అంటే నా బాధ ముఖ్యంగా నరాలది, రక్తనాళాలది కాదు. మొదట ఇంజెక్షన్లు చేశారు, తర్వాత 1500 మైక్రోగ్రాముల మిథైల్‌కోబాలమిన్ (బి12లో ఒక రకం) మాత్ర ఇచ్చారు. నీరసం త్వరగానే పోయింది. తిమ్మిర్లు తగ్గడానికి మాత్రం నెలలు పట్టింది, బొటనవేళ్ల దగ్గర ఇప్పటికీ కొంచెం ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. "నరాల బలానికి" అని అమ్మే మాత్రల్లో చాలావాటిలో బి12తో పాటు బి6 కూడా ఉంటుంది. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే తిమ్మిర్లు తెప్పిస్తుంది! అలాంటివి రెండు మూడు రకాలు కలిపి వేసుకునేవాళ్లు ఒకసారి అట్టల వెనక చూసి బి6 మొత్తం ఎంతవుతుందో లెక్క చూసుకోండి.

ఒమేగా-3 విషయంలో నాకు పెద్దగా తేడా తెలియలేదు. చేపనూనె తీసుకోను కాబట్టి నాచు నుంచి తీసిన క్యాప్సూల్స్ వాడాను, ఖరీదు ఎక్కువే. చేపనూనె వాడేవాళ్లు కూడా డబ్బా మీద 1000 మిల్లీగ్రాములని చూసి ఆగిపోవద్దు. మామూలు రకంలో అసలైన ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ, డీహెచ్ఏ రెండూ కలిపి 300 దాకానే ఉంటాయి. 25,871 మంది మీద చేసి 2018లో ఫలితాలు ప్రకటించిన వైటల్ పరిశోధనలో రోజుకు 1 గ్రాము ఒమేగా-3 గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను మొత్తం మీద చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు బాగా ఎక్కువై డాక్టరు రాసిచ్చే మోతాదు సంగతి వేరు. నేను మానేసి అవిసె గింజల కారప్పొడి చేసుకుంటున్నాను. దాని నుంచి మన శరీరం తయారుచేసుకునే ఈపీఏ, డీహెచ్ఏ తక్కువే గానీ పీచు బాగా అందుతుంది.

రక్త ప్రసరణకు మంచిదని బీట్‌రూట్‌కు ఉన్న పేరు ఊరికే రాలేదు. అందులోని నైట్రేట్‌ను నాలుక మీది బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారిస్తే, దాని నుంచి శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ పుట్టి రక్తనాళాలు వదులవుతాయి. రక్తనాళాల మీద ఈ వాయువు పనితీరును కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. బీపీ కొంచెం తగ్గుతుంది, అంతే. మందు మానేసేంత కాదు. యాంటీసెప్టిక్ మౌత్‌వాష్‌తో రోజూ పుక్కిలిస్తే ఆ బ్యాక్టీరియా చచ్చి ఆ లాభమూ తగ్గుతుంది. షుగర్ ఉంది కాబట్టి నేను జ్యూస్ తాగను, కూర చేసుకుంటాను. పాలకూర, తోటకూరలో కూడా నైట్రేట్ బాగానే ఉంటుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం బీట్‌రూట్, పాలకూర డాక్టరును అడిగి తినాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లు ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచకూడదు, తగ్గించకూడదు.

సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం తగ్గింది మాత్రం నడక వల్లే. పిక్కల కండరాలు బిగుసుకున్నప్పుడల్లా కాళ్లలోని రక్తం పైకి ఎక్కుతుంది. ఉప్పు కూడా తగ్గించాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాములు దాటొద్దంటుంది. ఆవకాయ, అప్పడం, కారప్పొడి ఒకే పూట వేసుకుంటే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

మా తోడికోడలికి నడిస్తే పిక్క పట్టేసేది, ఆగితే తగ్గేది. నా బి12 మాత్రలు అడిగింది. ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చేతిలో, చీలమండ దగ్గర బీపీ పోల్చి చూసి, కాలి ధమని సన్నబడిందని చెప్పారు. అసలైన ప్రసరణ సమస్య తనది. ఇప్పుడు మందులు వాడుతూ, వాళ్లు చెప్పినట్టే నొప్పి వచ్చేదాకా నడిచి, కాసేపు ఆగి, మళ్లీ నడుస్తోంది.