ట్యూనింగ్ బాక్స్ పెట్టించే ముందు: మీటరు చూపే మైలేజీ వేరు, బంకులో పడే డీజిల్ వేరు

టర్బో డీజిల్ బండి, అందులోనూ బీఎస్6 (కొత్త పొగ నిబంధనలకు తగ్గ) బండి ఉన్నవాళ్లు ఎవరైనా "పవర్ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది" అన్న మాట నమ్మి ట్యూనింగ్ బాక్స్ (ఇంజన్ సెన్సర్ వైరు మధ్యలో తగిలించే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె) కొనబోతుంటే కాస్త ఆగండి. నేను 22 వేలు పోసి కొన్నాను, ఆరు నెలలు వాడి పీకేశాను. షాపు పేరు అడగొద్దు, రాయను. నా మాట విని ఆఫీసులో ఇద్దరు అదే బాక్స్ పెట్టించుకున్నారు. ఈ పోస్టు రాయడానికి సగం కారణం అదే.

నాది 1.5 లీటర్ల టర్బో డీజిల్ ఎస్‌యూవీ. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి, నెలకు ఒకటి రెండుసార్లు విజయవాడ. మా నాన్న లారీ లెక్కలు పుస్తకంలో రాసేవారు, నాకూ అదే అలవాటు. ప్రతి ఫుల్ ట్యాంకుకీ కిలోమీటర్లు, లీటర్లు రాసి పెడతాను. బాక్స్ పెట్టకముందు లీటరుకు సిటీలో 13.4, హైవేలో 17.6 కిలోమీటర్లు వచ్చేది. హైవేలో డ్యాష్‌బోర్డు మీటరు 18.1 చూపించేది, అంటే అర కిలోమీటరు ఎక్కువ. ఆ మాత్రం తేడా ఏ బండికైనా మామూలే.

షాపులో పని పావుగంట కూడా పట్టలేదు. బానెట్ ఎత్తి, కామన్ రైల్ (ఇంజన్‌లోకి డీజిల్ చల్లే ఇంజెక్టర్లకు ప్రెషర్‌తో డీజిల్ అందించే గొట్టం) మీది ప్రెషర్ సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, మధ్యలో బాక్స్ తగిలించారు. పొద్దున్నే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి ట్రయల్‌కు తీసుకెళ్లి, ట్రిప్ రీసెట్ చేసి, 80 స్పీడులో పోనిచ్చి, "మీటర్ల చూడన్నా, 21 చూపిస్తుంది. నేన్ చెప్పలే?" అన్నాడు ఆ అబ్బాయి. ఖాళీ రోడ్డు మీద 80లో నిలకడగా పోతే బాక్స్ లేకపోయినా అంత వస్తుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. పికప్ మాత్రం నిజంగా పెరిగింది, అది కాదనను. నాలుగో గేరులోనే ఓవర్‌టేక్ అయిపోతుంటే మనిషికి వేరే లెక్కలు గుర్తుకు రావు.

మొదటి విజయవాడ ట్రిప్పులో మీటరు 18.9 చూపించింది. ఇంటికొచ్చి పుస్తకంలో రాస్తే 620 కిలోమీటర్లకు 38.5 లీటర్లు. అంటే 16.1. బంకు వాడు మోసం చేశాడనుకున్నాను. బంకు మార్చాను, ఇంకోటి మార్చాను. మూడో బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర తెప్పించి మరీ పట్టించాను (ఏ బంకులోనైనా అడగొచ్చు, అది మన హక్కు). గీత దగ్గరికి సరిగ్గా వచ్చింది. బంకు కుర్రాడు నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

తప్పు మీటరుదని అప్పుడు అర్థమైంది. బాక్స్ చేసే పని ఒక్కటే, ఇంజన్ కంప్యూటర్‌కు అబద్ధం చెప్పడం. రైల్‌లో ఉన్న ప్రెషర్‌ను తగ్గించి చూపిస్తుంది. కంప్యూటర్ పాపం నిజమే అనుకుని ప్రెషర్ పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం అంతే ఉన్నా, ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఎక్కువ డీజిల్ లోపలికి పోతుంది. పవర్ అక్కడి నుంచే వస్తుంది. ఇక మైలేజీ లెక్క చూడండి. ట్యాంకులో ఎంత తగ్గిందో చూసి చెప్పదు మీటరు. ఇంజెక్టర్ ఎంతసేపు తెరిచి ఉంది, ప్రెషర్ ఎంత ఉంది అన్నదాన్ని బట్టి లెక్క కడుతుంది. ఆ ప్రెషర్ అంకే అబద్ధమైతే మైలేజీ అంకె నిజం ఎలా అవుతుంది? మీటరు లెక్కన ఆ ట్రిప్పుకు తాగింది 33 లీటర్ల లోపే. బంకులో పడింది 38.5. ఆ ఐదున్నర లీటర్లకు పైగా తేడా నా జేబులోంచి పోయింది, మీటరు మాత్రం నన్ను మెచ్చుకుంటూనే ఉంది.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. బాక్స్‌తో పాటే టైర్లు కూడా మార్చాను. 205/65 ఆర్16 తీసేసి 225/60 ఆర్17 వేయించాను, చూడ్డానికి బాగుంటుందని. చక్రం ఎత్తు 673 మిల్లీమీటర్ల నుంచి 702కు పెరిగింది. అంటే ఓడోమీటరు 100 చూపితే బండి నిజానికి 104 దాటి తిరిగినట్టు. ఆ లెక్క కలిపితే హైవే మైలేజీ 16.1 కాదు, సుమారు 16.8. న్యాయంగా ఇదీ చెప్పాలి కదా. పెద్ద టైర్లు వేయించి మైలేజీ పడిపోయిందని గొడవపడేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోండి. హైవే మీద కిలోమీటరు రాళ్లతో పోల్చి చూసినా తెలిసిపోతుంది. బరువు, వెడల్పు పెరగడం వల్ల తగ్గే మైలేజీ ఎలాగూ ఉంటుంది.

అసలు దెబ్బ సిటీలో తగిలింది. టైర్ల లెక్క కలిపాక కూడా 13.4 కాస్తా 11.4కు పడింది. కారణం డీపీఎఫ్. బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అది. అవసరానికి మించి డీజిల్ పోతే మసి ఎక్కువవుతుంది, ఫిల్టర్ త్వరగా నిండుతుంది. అది నిండాక బండి తనంతట తానే అదనంగా డీజిల్ వాడి, ఫిల్టర్‌ను సుమారు 600 డిగ్రీలకు వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్ని రీజెనరేషన్ అంటారు. ఆ డీజిల్‌తో బండి ఒక్క మీటరు కూడా ముందుకు పోదు. అంతకుముందు ఎప్పుడు జరిగేదో నాకు తెలిసేదే కాదు. బాక్స్ పెట్టాక వారానికి రెండుసార్లు ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ హోరుమంటూ తిరిగేది, పార్కింగ్‌లో కాలిన వాసన. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో అది సగంలో ఆగిపోవడం, మళ్లీ మొదలవడం. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఇంజన్ ఆయిల్ తగ్గాల్సింది పోయి మాక్స్ గీత దాటి ఉంది, డీజిల్ వాసన. రీజెనరేషన్ కోసం సిలిండర్‌లో చల్లిన డీజిల్ కొంత గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలిసిపోతుంది. ఇది కనపడితే మాత్రం ఆలస్యం చేయకండి.

ఆరో నెలలో, నకిరేకల్ దాటాక, వెనక సీట్లో అమ్మ ఉండగా హెచ్చరిక లైటు వెలిగి బండి 60 దాటనంది. పక్కకు ఆపి బాక్స్ పీకేసినా మార్పు లేదు. మసి ఫిల్టర్‌లో ఉంటే బాక్స్ పీకి లాభమేంటి? సూర్యాపేట దాకా ఎడమ వైపే పాక్కుంటూ వెళ్లాం. అమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ టెన్షన్.

"సర్వీసుకు పోయేటప్పుడు పీకేసి పో అన్నా, ఎవరికీ తెల్వదు" అని షాపులో చెప్పి ఉన్నారు. తెలుస్తుంది. కనెక్టర్ మీద టేపు తెగి ఉంది, రీజెనరేషన్లు ఎంత దగ్గర దగ్గరగా జరిగాయో కంప్యూటర్‌లో ఉంది. అడ్వైజర్ నింపాదిగా అడిగాడు, నేను ఒప్పుకున్నాను. ఈ పనికి వారంటీ రాదన్నారు. బలవంతపు రీజెనరేషన్, ఆయిల్, ఫిల్టర్లు కలిపి 14,600. డీపీఎఫ్ మార్చాల్సి వస్తే లక్ష దాటేదట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

షాపుకు వెళ్తే "నీ కాలు బరువన్నా" అన్నారు. కొంత నిజమే, పవర్ ఉంటే కాలు ఊరుకోదు. కానీ మీటరు అబద్ధానికి నా కాలేం చేస్తుంది? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేద్దామంటే నా దగ్గర బిల్లు లేదు. బిల్లు వద్దంటే రెండు వేలు తగ్గిస్తానన్నాడు, నేనూ సరేనన్నాను. పైగా మోటారు వాహనాల చట్టం 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున ఎలా అడ్డం తిరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

టర్బో పెట్రోల్ వాళ్లకు ఒక్క ముక్క. నిలకడగా పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటూ కంప్యూటర్ గాలి, పెట్రోలు పాళ్లను సరిగ్గా కాలే లెక్క దగ్గరే (ఇథనాల్ కలవని పెట్రోలుకైతే సుమారు 14.7కు 1) ఉంచుతుంది. రీమ్యాప్ చేసినా (అంటే ఇంజన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామునే మార్చినా) అక్కడ మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచి తొక్కితే మాత్రం ఇంజన్ చల్లగా ఉండటానికి అదనంగా పెట్రోలు పోయక తప్పదు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో ఎలాగూ కొంత మైలేజీ పోయింది. మ్యాప్‌ను ఎక్కువ ఆక్టేన్ ఉన్న ప్రీమియం పెట్రోలుకు రాయించుకుని మామూలుది పోస్తే అది ఇంకో తలనొప్పి. చేయి తిరిగినవాళ్లు చేసిన రీమ్యాప్ బాక్స్ కంటే మేలే, కానీ మైలేజీ కోసం అయితే వద్దు.

ఎవరైనా మైలేజీ పెరిగిందని చూపిస్తే మీటరు ఫోటో కాదు, బంకు బిల్లులు అడగండి. అదే బంకు, అదే పంపు, పంపు తనంతట తాను మొదటిసారి ఆగిన (ఆటో కట్) దగ్గర ఆపాలి, కనీసం నాలుగు ట్యాంకులు, దూరం జీపీఎస్‌లో. నేను అడిగిన రోజు షాపులో ఒక్కరూ చూపించలేకపోయారు.

బాక్స్ తీసేశాక మూడు ట్యాంకులు అయ్యాయి. సిటీలో టైర్ల లెక్క కలిపి 12.9 వస్తోంది. ఆఫీసులో ఇద్దరిలో ఒకరు పీకేశారు, ఇంకొకరు "నాకు మీటర్లో బాగానే చూపిస్తోంది" అంటున్నారు.