సాంక్రీనా, జీభీనా?

రెండూ హిమాలయాల్లోని ఊళ్లే. మంచులో నడవాలంటే సాంక్రీ. నడక తక్కువ, ఏటి ఒడ్డున కూర్చోవడం ఎక్కువ కావాలంటే జీభీ. పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే ఆలోచించక్కర్లేదు, జీభీనే.

సాంక్రీ ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో ఉంది. డెహ్రాడూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లే అయినా ఘాట్ రోడ్డు, 8 నుంచి 10 గంటలు పడుతుంది. డబ్బు దారిలో వచ్చే పురోలా ఊళ్లోనే తీసిపెట్టుకోండి.

జీభీ హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. ఢిల్లీ-మనాలీ రాత్రి బస్సెక్కి ఔట్ అనే ఊరి దగ్గర సొరంగానికి ముందే దిగాలి. అక్కడి నుంచి బంజార్ ఊరు, ఆపైన జీభీకి 8 కిలోమీటర్లు. బస్సు తెల్లవారుజామున వస్తుంది. కండక్టరుకు చెప్పిపెట్టకుండా నిద్రపోతే కుల్లూలో లేస్తారు.

సాంక్రీ నుంచి కేదార్‌కాంఠా శిఖరం (సుమారు 3,800 మీటర్లు) ఎక్కి దిగడానికి 4 రోజులు ఉంచుకోండి. శిఖరానికి తెల్లవారకముందే బయల్దేరదీస్తారు. అప్పుడు మంచు గట్టిగా ఉంటుంది; ఎండెక్కితే మెత్తబడి కాలు మోకాలిదాకా దిగబడుతుంది. గట్టి మంచు మీద జారకుండా బూట్లకు మైక్రోస్పైక్స్ (ఇనుప ముళ్లున్న పట్టీలు) తగిలించాలి. నూలు సాక్సులు చెమట పీల్చి ఆరవు, వేళ్లు మొద్దుబారతాయి. ఉన్నివి రెండు జతలు చాలు. ఫోను, పవర్‌బ్యాంకు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకునే పడుకోండి. చలికి ఛార్జింగ్ ఇట్టే పడిపోతుంది.

జీభీ నుంచి జలోరీ కనుమ 12 కిలోమీటర్లు, వాహనంలోనే. అక్కడి నుంచి సెరోల్‌సర్ సరస్సుకు ఓక్ అడవిలో 5 కిలోమీటర్ల తేలిక నడక. ఒడ్డున బూఢీ నాగిన్ గుడి, అమ్మవారికి నైవేద్యం నెయ్యి. చలికాలంలో మంచు పడితే కనుమ మూసేస్తారు, కాబట్టి మే, జూన్ లేదా అక్టోబరు చూసుకోండి.

జులై, ఆగస్టుల్లో రెండూ వద్దు. కొండచరియలు.